చల్లారిన తొట్టి

ఇంకా చెమట పట్టదేం వీళ్లకు, అని పెంటప్ప ముందు వరసల మెడల కేసే చూస్తున్నాడు, వైశాఖపు ఎండకు దాజీ పేట్ అంతా పెనం మీదున్నట్టుంది, అయినా గోవర్ధన్ సేట్ చుట్టాల మెడల్లో టవళ్లు పొడిపొడిగా, ఎర్ర అంచులు మెరుస్తూ, పెళ్లికొచ్చిన ప్రతి మగాడికీ నెత్తిన టోపీ, మెడలో టవల్, సోలాపూర్ మర్యాద మరి, అన్నీ సేట్ సొంత మగ్గాల మీద నేసినవే, ఆ అంచుల నూలుకు రంగేసింది మాత్రం తను, ఈ పెంటప్ప.

పెళ్లికొడుకు విష్ణు నవ్వుతున్నాడు, నవ్వు బిడ్డా, నవ్వు, సేట్ కొడుకు పుణె కాలేజీ నుంచి తెచ్చుకున్నది ఒక్కటే మాట, కూల్, డిజైన్ నచ్చితే కూల్, బండి నచ్చితే కూల్, పని ఎక్కువైందని మగ్గాలోళ్లు మొరపెట్టుకుంటే కూల్ కూల్, పోయిన శ్రావణంలో, మార్చండి సేట్ అని పదిసార్లు చెప్పిన, తొట్టి కింది ఆ విరిగిన స్టాండే ఒరిగి మరిగే రంగునీళ్లు తన కుడిచేతి మీద పడ్డప్పుడూ అదే మాట, సగం తాగిన కూల్‌డ్రింకు కాలిన చేతి మీద ధారగా పోసి, కూల్, పెంటప్పా, కూల్, గింత దానికి అట్ల ఒర్లుతవేంది, పక్కనున్నవాళ్లు నవ్వారు, నవ్వకుండా పరిగెత్తుకొచ్చింది పోచయ్యన్న ఒక్కడే, మగ్గం ఆపి, ఒంటిమీది అంగీ విప్పి తడిపి చుట్టి, ఆటోలో దవాఖానకు, మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు, ఆ మాట చెవిలోంచి పోలేదు.

అందుకే, పెళ్లి టవళ్ల నూలు తొట్టిలో ఉండగా పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేశాడు, చల్లారనీ, వేడి చాలని రంగు పైపైనే అంటుకుంటుంది, చెమట తగిలితే కారిపోతుంది, సేట్ బంధుబలగం తెల్ల జుబ్బాలు నలుగురిలో ఎర్రబడాలి, అప్పుడను విష్ణూ ఆ మాట, అనుకుంటూ ఒంటిచేత్తో నూలు తిప్పాడు, ఎంత హాయిగా తిప్పాడో.

ఈ భర్రుమనే చప్పుడేంది అని తల తిప్పితే కూలర్లు, ఒకటి కాదు ఆరు, పెద్దోళ్ల కుర్చీల పక్కనే, గాలంతా అటే, వాళ్లకిక చెమటెక్కడిది, అక్షింతలేస్తూ ముసలి పార్వతీబాయి సల్లగుండు బిడ్డా అంటోంది, ఉండక ఏం, ఉంటాడు, పళ్లు నూరుకుంటూ పెంటప్ప వెనక్కి వాలాడు, తన టవల్ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు, తెలిసినవాడు కదా, ఇక్కడ వెనక, గాలి రాని రేకుల కింద మగ్గాలోళ్లంతా చెమటలు కక్కుతున్నారు, పక్క కుర్చీలో పోచయ్యన్న, పెళ్లికని కుట్టించుకున్న తెల్ల అంగీ, కాలరు నుంచి జేబు దాకా ఎర్రగా, గిదేంది పెంటప్పా, రంగు ఇడుస్తున్నది, కొత్త అంగీరా, అని చేత్తో తుడుస్తున్నాడు, తుడిచిన కొద్దీ ఎరుపు పాకుతోంది, ఆనాడు అంగీ విప్పి తన చేతికి చుట్టిన చెయ్యే అది, ముందు వరసలో ఎవరో చూసి నవ్వారు, విష్ణు అక్కడి నుంచే చెయ్యూపి కూల్, పోచయ్యా అన్నాడు, పెంటప్ప ఒళ్లోని టవల్‌ను ఇంకో మడత పెట్టాడు, ఈ ఊళ్లో చెమట పట్టేది ఎవరికో తనకు తెలియదా, పుట్టినప్పటి నుంచీ తెలుసు, కట్టెలు వెనక్కి లాగిన ఆ ఒక్కరోజే మరిచిపోయాడు.