కాటారం పిల్ల

జొన్నపిండి ముద్ద చేయడం, తట్టడం, పెనం మీద వేసి తడిచేత్తో నిమరడం. ముత్తమ్మకు ఆ మధ్యాహ్నం అది ముప్పయ్యో రొట్టె. తడికకు అవతల సంఘం వాళ్లు కూర్చున్నారు. దొర గడిలో కూలి లేకుండా చేసే వెట్టి మన ఊళ్లో పోయిందని సంబరంగా చెప్పుకుంటున్నారు. ఇవతల ఆమె మరో ముద్ద తీసుకుంది.

జనగామ నుంచి వచ్చిన చంద్రమౌళి పత్రిక చదివి వినిపిస్తున్నాడు. రొట్టెలు తట్టే చప్పుడులో ఒక మాట దొరికితే రెండు మాటలు జారిపోతున్నాయి. దొరికిన వాటిని ఆమె వదల్లేదు. కాటారంలో బొగ్గు పనివాడి బిడ్డ. పాతికేళ్లయినా లేవు. అంతా మగవాళ్లే ఉన్న పెద్ద సభలో లేచి నిలబడి, బీదవాళ్లకు కూడెందుకు లేదని నిలదీసింది. పెనం మీది రొట్టె మాడిపోయింది.

"కమురు వాసనొస్తంది. నీ పానం ఏడున్నదే?" అని అరిచాడు ఆమె మొగుడు సాంబయ్య.

ఆమె పానం కాటారంలో ఉంది. ముత్తమ్మ పుట్టిల్లు మొగుళ్లపల్లి. కాటారం అక్కడికి రెండు రోజుల నడక. చిన్నప్పుడు తల్లి వెంట ఒకసారి వెళ్లింది కూడా. అడవి అంచున కట్టెలు పేర్చి, మట్టి కప్పి, బొగ్గు కాల్చేవాళ్లను చూసింది. ఆ పిల్ల వాళ్లలో ఎవరో అయి ఉంటుంది. సభకు పోయిననాడు వాళ్లింట్లో వంట ఎవరు చేశారు? మసి చేతులు కడుక్కుని పోయిందా, అట్లాగే పోయిందా? లేచి నిలబడ్డప్పుడు కొంగు నెత్తిన కప్పుకుందా, నడుముకు చుట్టి దోపిందా? మొదటి మాట ఏమన్నది? గొంతు వణికిందా? ముత్తమ్మ పొలంలో కలుపు తీస్తూ, బర్రెను కడుగుతూ ఇవే అడుగుతూ ఉండేది, తనలో తాను. దూరాన మేస్తున్న బర్రెను కేకేస్తేనే "గంత గొంతేందే, ఊరందరికి వినవడాల్నా?" అనే అత్త ఉన్న ఇల్లు ఆమెది. సాంబయ్య చెడ్డవాడని చెప్పకూడదు. కొట్టడు, తాగడు, దొర ముందు చేతులు కట్టుకోను పొమ్మన్న మొదటి మనిషి. కానీ ఇంటికొచ్చాక ఏం అడిగినా ఒకటే జవాబు, "గవన్ని నీకెందుకు?" దొర గూండాల మీద వడిసెలతో రాళ్లు విసిరిననాడు ఆడవాళ్లంతా వీరులు. తెల్లారి నుంచి మళ్లీ "నీళ్లు తే."

ఆ నెలలో గొంగళ్లు అమ్ముకుంటూ కొమురయ్య వచ్చాడు. ఆ దిక్కంతా తిరిగిన మనిషి.

"కాటారంల బొగ్గు పనోల్ల బిడ్డ, సభల మాట్లాడిన పిల్ల, ఎరుకేనా తాతా?"

"బొగ్గు కాల్చేటోల్లు మస్తుమందున్నరు. బిడ్డలు గూడ ఉన్నరు. ఎవ్వలు మాట్లాడిండ్రో నాకేమెరుక?" అన్నాడు ముసలాయన. ముత్తమ్మకు అది చాలు. ఉన్నదన్నమాట.

ఆ పిల్లతో ఆమెకు నిజంగానే పని పడింది. దొర బంజరును సంఘం పంచినప్పుడు విధవరాలు దుర్గమ్మకు గుంట భూమి కూడా రాలేదు. అదే బంజరు కోసం లాఠీ దెబ్బలు తిన్న దుర్గమ్మకు! ఇంట్లో మగదిక్కు లేదన్నారు. ఇప్పుడు భూముల సంగతి చూడడానికి ఐదుగురితో ఊరి కమిటీ వేస్తున్నారు. ఐదుగురూ మగవాళ్లే అయితే దుర్గమ్మ సంగతి ఇక ఎవరూ ఎత్తరు.

కమిటీ వేసే రోజు దొర వదిలిపోయిన గిడ్డంగి ముందు జనం కూడారు. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు గోడవారన. నాలుగు పేర్లు రాశాక చంద్రమౌళి ఐదోది అడిగాడు. నీళ్లు అందిస్తున్న ముత్తమ్మ కడవ కిందపెట్టింది.

"అన్నా, దుర్గమ్మకు భూమెందుకియ్యలేదో అడగాలె. నువ్వు చదివినవు గద, సభల మాట్లాడిన కాటారం పిల్ల. ఆమెను పిలిపియ్యున్రి. మా ఇంట్లనే ఉంటది. నేనే వండిపెడ్త."

 చంద్రమౌళి తొడ చరుచుకున్నాడు. "అయ్యో చెల్లె! కాటారం కాదు, స్కాట్లాండ్! తెల్లోల్ల దేశం. సముద్రం మీద ఓడల పోవాలె!"

సభంతా ఒకటే నవ్వు. "ఇజ్జత్ తీస్తివి. ఇంట్లకు నడువు," అన్నాడు సాంబయ్య తల దించుకుని.

సిగ్గు వేసింది. దానికన్నా ముందు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ కలుపులో, బర్రె దగ్గర, పొయ్యి దగ్గర తనకు తోడున్న మనిషి ఒక్క మాటతో లేకుండా పోయింది. ఆ తెల్లపిల్ల ఎక్కడో నిజంగానే ఉంది. ఆమె మీద కోపం లేదు. కానీ నడిచి రాగలిగినంత దూరంలో ఉన్న పిల్లే ముత్తమ్మకు కావాలి.

"మరి మన దిక్కు అసొంటిది ఎవ్వలు లేరా అన్నా?"

చంద్రమౌళి నవ్వు ఆపాడు. "జెండ మోసినోల్లున్నరు, వడిసెల పట్టినోల్లున్నరు. కమిటీల కూసున్న ఆడామె..." అని ఆలోచించాడు. "ఈ చుట్టువట్టు ఊర్లల్ల లేదు చెల్లె."

ఎవరో ముందే నడిచారు, తాను వెనక నడిస్తే చాలనుకుంది ముత్తమ్మ. ముందు ఎవరూ లేరు. ఆ సంగతి తెలిశాక భయం పెరగాలి కదా? పెరగలేదు. తానైతే మొదటి మాట ఏమంటుందో చూడాలనిపించింది. వెళ్లి చాప అంచున కూర్చుంది.

"గట్లయితే ఐదో పేరు నాది రాయన్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "రాయున్రి," అంది గోడవారన ఉన్న దుర్గమ్మ. ఆమె పక్కనున్న ఆడవాళ్లు కూడా అన్నారు. మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

చంద్రమౌళి పెన్సిల్ తీశాడు. అలవాటుగా అడిగాడు, "ముత్తమ్మ, సాంబయ్య పెండ్లాం... గట్ల రాయాల్నా?"

సాంబయ్య తలెత్తాడు.

"ఉత్త ముత్తమ్మ అని రాయన్నా."