జారుడుబండ ఏ బ్లాకులో ఉంది

మా ఆఫీసులో రెండు రకాల పాసులు ఇస్తాం. అడవిలో నడవడానికీ, గుడారం వేసుకుని ఉండడానికీ వచ్చేవాళ్ళకు ఆకుపచ్చది. పుట్టగొడుగులు, పళ్ళు, రాలిన కట్టెలు ఏరుకునేవాళ్ళకు పసుపుది. ఆకుపచ్చ పాసువాళ్ళు కౌంటరు మీద మోచేతులు ఆనించి, వాన పడుతుందా అని కబుర్లలోకి దిగుతారు. పసుపు పాసువాళ్ళు అద్దానికి రెండడుగుల దూరంలోనే ఆగిపోతారు. పిలిస్తే తప్ప ముందుకు రారు. ఆ తేడా ఎందుకో నాకు తెలుసు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయినా ఎవరికీ చెప్పలేదు.

నేను పసుపు పాసువాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. సరిగ్గా చెప్పాలంటే, ఏ పాసూ లేనివాళ్ళ ఇంట్లో. అమ్మ పోయాక నన్ను పెంచింది మా మేనత్త. వానలు మొదలైతే చాలు, నన్ను వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్ళేది. ఆవిడ కత్తితో కాడ కోసేది, నేను మట్టి ఊది బుట్టలో పేర్చేవాణ్ణి. గార్డు ఈల వినిపిస్తే బుట్టను పొదలోకి తోసేసి, ఊరికే షికారుకు వచ్చినట్టు నడవాలి. ఆ నడక నాకు బాగా వచ్చు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. ఆ పుట్టగొడుగులే నన్ను చదివించాయి.

ఈ సీజనుకు ముందు అడవిని బ్లాకులుగా విడగొట్టి కొత్త నంబర్లు వేశారు. పదిహేనో బ్లాకులో మొక్కలు నాటారు కాబట్టి అందులో ఎవరూ అడుగు పెట్టకూడదు. వాగుకు ఇవతలున్న పద్నాలుగు మాత్రం తెరిచే ఉంది. చిక్కేమిటంటే, ఏరుకునేవాళ్ళకు నంబర్లు తెలియవు. దరఖాస్తులో తమకు తెలిసిన చోటు పేరు రాయిస్తారు. అందుకని ఏ పేరు ఏ బ్లాకు కిందికి వస్తుందో జాబితా తయారుచేద్దామన్నారు కొత్తగా వచ్చిన రేంజర్ గారు. ఆవిడ, సీనియర్ గుమాస్తా, గార్డు, నేను టేబుల్ మీద మ్యాపు పరుచుకుని కూర్చున్నాం.

జారుడుబండ అనే పేరు దగ్గర అందరం ఆగాం. పిల్లల పార్కులో వెతకండి, దొరుకుతుంది అన్నాడు గుమాస్తా. నవ్వులు అయ్యాక, అలాంటి చోట్లు దొంగచాటుగా తిరిగేవాళ్ళకే తెలుస్తాయనీ, వాళ్ళలో ఒకణ్ణి పట్టుకొస్తే మ్యాపు వాడే గీసిస్తాడనీ అన్నాడు. రేంజర్ గారు నవ్వలేదు. నా వైపు చూసి, "మీది ఈ చుట్టుపక్కలే కదా, మీకేమైనా తెలుసా?" అన్నారు.

జారుడుబండ వాగుకు అవతల ఉంది. అంటే పదిహేను. ఆ బండ వెనక, తడి ఆరని నీడలో ఎక్కడ చెయ్యి పెడితే పుట్టగొడుగు తగులుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను.

"తెలియదు మేడమ్," అన్నాను.

గుమాస్తా వాగుకు ఇవతల వేలు పెట్టి, పద్నాలుగు అని రాసెయ్యమన్నాడు. నేనే రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఇలాంటి పనులన్నీ నాకే ఇస్తారు. తర్వాత ఎవరూ చూడకుండా దిద్దేద్దాంలే అనుకున్నాను. ఈలోగా దానిమీద సంతకమైంది, ముద్ర పడింది, గోడకు అంటించారు.

పది రోజులకు అత్త వచ్చింది. ఆవిడ మా ఆఫీసుకు రావడం అదే మొదటిసారి. పాసు తీసుకొమ్మని పోరుపెట్టింది నేనే. ఆవిడ ఎక్కడైనా దొరికిపోతే నా ఉద్యోగానికి మచ్చ వస్తుందని భయం. ఉతికిన బట్టలు కట్టుకుని, వరుసలో చివర నిలబడింది. గుమాస్తా నా పక్కనే ఉన్నాడు. "ఏ చోటమ్మా?" అని అడిగాను, ఎవరినో అడిగినట్టు. నా మొహం చూసి ఆవిడ కూడా ఎవరికో చెప్పినట్టే చెప్పింది.

"జారుడుబండ, బాబూ. వెళ్ళొచ్చు కదా?"

"వెళ్ళొచ్చు," అని పద్నాలుగు వేసి ఇచ్చాను.

నేను ఆఫీసు దగ్గర గది తీసుకుని ఉంటున్నాను. ఆదివారం ఇంటికెళ్ళి, అక్కడికి వెళ్ళొద్దని చెబుదామనుకున్నాను. చెబితే మరి ఎందుకలా రాశావని అడుగుతుంది. ఆదివారం బట్టలు ఉతుక్కున్నాను. ఆ మూలకు గార్డు ఎప్పుడో గానీ వెళ్ళడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గురువారం గార్డు అత్తను పట్టుకొచ్చాడు. బుట్ట తెచ్చి రేంజర్ గారి టేబుల్ మీద పెట్టాడు. అడుగున ఆకులు పరిచి, కాడలన్నీ ఒకే వైపుకు పేర్చి ఉన్నాయి. మూసిన బ్లాకులో ఏరినవాళ్ళకు మూడు సీజన్లు పాసు ఇవ్వరు. అత్త మోకాళ్ళకు మూడు సీజన్లంటే ఇక అడవి లేనట్టే.

పద్నాలుగు అని ఎవరు రాసిచ్చారని రేంజర్ గారు అడిగారు. చేతిరాత ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. అత్త మాత్రం నా వైపు చూడలేదు.

"గుర్తులేదమ్మా. ఆ అద్దం వెనక అందరూ ఒకేలా కనబడతారు."

చదువు రాదంటారు గానీ దారులన్నీ వీళ్ళకే తెలుసని గుమాస్తా గొణిగాడు. రేంజర్ గారు పాసు వెనక్కి తిప్పి చూపించారు. హద్దులు తెలుసుకోవడం పాసుదారు బాధ్యత అని అక్కడ అచ్చేసి ఉంది. జాబితాలో పొరపాటున్నా ఆ రూలు మారదనీ, ఆఫీసువాళ్ళు తెలిసి తెలిసి తప్పు రాసిస్తే తప్ప మాఫీ చేసే అధికారం తనకు లేదనీ అన్నారు. తెలిసి ఎవరు రాస్తారు అంటూ కలం మూత తీశారు.

"నేను రాశాను మేడమ్. అది పదిహేనులో ఉందని నాకు ఆ రోజే తెలుసు."

"ఎలా తెలుసు?"

"నాకు ఏడేళ్ళున్నప్పటి నుంచి అక్కడే ఏరాను. పాసు లేకుండా, ఈవిడతోనే. మా మేనత్త."

చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. రేంజర్ గారు అత్త వైపు తిరిగి, ఎన్నేళ్ళుగా పాసు లేకుండా ఏరుతున్నారని అడిగారు. నా తప్పు ఒప్పుకునే తొందరలో, ఆవిడ ఇన్నాళ్ళూ దాచుకున్నది కూడా తీసి టేబుల్ మీద పెట్టేశానని అప్పుడు గానీ తెలియలేదు.

"మీ పాసులు రాకముందు నుంచీ," అంది అత్త, ఒళ్ళో చేతులు చూసుకుంటూ. "అప్పుడు అడిగేవాళ్ళు లేరు. తర్వాత వచ్చి అడగడానికి నాకు మొహం చెల్లలేదు."

ఆ మాటలూ కాగితం మీదికెక్కాయి. పాసు రద్దు చేయలేదు. బుట్ట మాత్రం ఉంచేసుకున్నారు. మిగిలిన రోజులు అత్త వాగుకు ఇవతల, నిజమైన పద్నాలుగులోనే ఏరుకోవాలి. నేను రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. ఇదే చోటు ఇంకెంతమందికి రాశారని రేంజర్ గారు అడిగితే కార్బన్ కాపీల పుస్తకం తిరగేశాను. అత్తది కాక పదకొండు ఉన్నాయి. అన్నీ నా గుండ్రటి అక్షరాలే. ముగ్గురికి ఫోన్ చేశాను. ఫోన్ లేని తక్కిన ఎనిమిది మంది ఇళ్ళకు ఇప్పుడే వెళ్ళి, స్వయంగా చెప్పి రమ్మన్నారు. ఇళ్ళు అత్తకు తెలుసు. ఆవిడ ముందు, నేను వెనక బయలుదేరాం. సందు మలుపు దగ్గర ఆవిడ ఆగింది.

"నా సంగతి చెప్పేముందు నన్నొక మాట అడగాల్సింది రా."

"అవును అత్తా."

"వద్దంటానని అడగలేదా?"

అవునంటే కాస్త గౌరవంగా ఉండేది.

"అడగాలని తోచలేదు," అన్నాను.

ఆవిడ తలూపి, మళ్ళీ ముందుకు నడిచింది.

మొదటి ఇల్లు బుట్టలల్లే ముసలాయనది. నా మెడలో కార్డు చూడగానే లేచి, కుర్చీ తుడిచి వేశాడు. తనిఖీకి వచ్చాననుకుని, అడక్కుండానే లోపలికెళ్ళి పాసు తెచ్చాడు. ప్లాస్టిక్ కవరులో, మడత పడకుండా దాచాడు. అత్త గుమ్మం బయటే ఆగిపోయింది.

"నువ్వే చెప్పు," అంది.

నేను కూర్చోలేదు. ఈ నంబరు తప్పండీ, జారుడుబండ దగ్గరికి వెళ్ళకూడదు అని మొదలుపెట్టాను. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"నా వల్ల ఏమైనా పొరపాటైందా సారూ?"

"మీ వల్ల కాదు, నా వల్ల," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చేతులు కట్టుకునే ఉన్నాడు. ఆ రోజు టేబుల్ మీద మ్యాపు పరిచిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాను.