గూట్లో పట్టాల్సిన పెట్టె

థనాసిస్ చేతికి డ్రిల్లు దొరికితే చాలు, ఇక ఆగడు. పాతికేళ్ల కిందట వాళ్లావిడ వంటింట్లో ఉప్పు డబ్బాలకి ఒక గూడు కావాలంది. ఇప్పుడక్కడ రెండు పడకగదులున్నాయి. మా ఊళ్లో ఇదేం వింత కాదు. ఎడారి ఎండకి తాళలేక అందరం భూమి లోపల రాతిని తొలుచుకుని కాపురాలు పెట్టినవాళ్లమే. తొలిచేచోట విలువైన ఓపల్ రాయి తగలదని ఎవరూ చెప్పలేరు కాబట్టి, అలమర కావాలన్నా మంచం పట్టలేదన్నా మగవాళ్లకి తవ్వడానికి అదొక వంక.

అలాంటి థనాసిస్‌ని అతని స్నేహితుడి భార్య వెస్నా నెల రోజులుగా ఒక్క గూటి మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు.

ఆ గూడు ఆమె ముందుగదిలో టీవీకి పైన ఉంది. వెడల్పు జానెడు, లోతూ జానెడే. దాన్ని ఆమె భర్త దుష్కో పికాసుతో చేత్తో తొలిచాడు. తన వీడియోలన్నీ ఆడించే యంత్రానికి అక్కడ చోటు చేస్తానన్నాడు. కాఫీలో దుమ్ము పడుతోంది, ఇవాళ్టికి చాలించమని వెస్నాయే కసిరింది. మర్నాడు ఆస్పత్రికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. గూటి వెనకగోడ మీద ఆయన చివరి వేటు ఏటవాలుగా, మిగతావాటికంటే లోతుగా మిగిలిపోయింది. రోజూ పొద్దున్నే ఆమె చెయ్యి లోపలికి పెట్టి దాన్ని తడుముతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దుష్కో ముప్ఫై ఏళ్లపాటు మా ఊరి క్లబ్బులో ఆదివారం భోజనాలూ, పెళ్లిళ్లూ, గొర్రెపిల్లని కాల్చే పండగలూ అన్నీ వీడియో తీశాడు. కెమెరా పట్టింది ఆయనే కాబట్టి దేంట్లోనూ కనిపించడు, గొంతు ఒక్కటే వినిపిస్తుంది. అవన్నీ పదకొండు పాత డిస్కుల్లో ఉన్నాయి. వాటిలో రెండు ఇప్పటికే టిక్కుటిక్కుమంటున్నాయి. ఆ గొంతు పోకముందే అన్నింటినీ ఒక చిన్న కంప్యూటరు పెట్టెలోకి చేర్చాలని, ఆ పెట్టె ఆయన చోటు చేసిన గూట్లోనే ఉండాలని ఆమె పట్టు.

గనుల్లో కరెంటు పని చేసి రిటైరైన థనాసిస్, ఆ పెట్టెకి కావాల్సిన సామాన్ల జాబితా రాసుకుని వచ్చాడు.

"నాలుగు పెద్ద డిస్కులు, మంచి ఫ్యాను. దర్జాగా ఉంటుంది వదినా."

"కరెంటెంత తాగుతుంది?"

"అరవై వాట్లు. మహా అయితే డెబ్బై."

"మూడురోజులు దుమ్ముగాలి లేస్తే నీ డెబ్బై వాట్ల కోసం నా ఫ్రిజ్జు ఆపుకోవాలా? మా గుట్ట దాకా కరెంటు తీగ లేదని నీకు తెలీదూ? ఉన్నవి ఎనిమిది సోలార్ ప్యానెళ్లు."

"సరే, ఫ్యాను చిన్నది పెడదాం."

"చిన్నదైనా దుమ్ము పీల్చదా? దుష్కో కంప్యూటరు దాంతోనే చచ్చింది."

నలభై ఏళ్లు బల్ల ముందు కూర్చుని ఓపల్ రాళ్లు ఏరిన కన్ను ఆమెది. జాబితాని కూడా అలాగే ఏరింది. తిరిగే డిస్కులు వద్దంది. కదిలే భాగం లేని పలచటి డిస్కులు రెండు చాలంది, ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా ఉండేట్టు. ముప్ఫై రెండు జీబీ మెమరీ చూసి, "రాకెట్ పంపుతున్నామా?" అని ఎనిమిదికి దించింది. వేడిని ఫ్యాను లేకుండా గాలిలోకి వదిలేసే చాళ్లు చాళ్లుగా ఉన్న అల్యూమినియం పెట్టె కావాలంది. ప్రాసెసర్ దగ్గర మాత్రం థనాసిస్ తగ్గలేదు.

"ఇంకా తక్కువ తాగేది ఉంది కానీ, దుష్కో కెమెరా పాతది. ఆ వీడియోలని మీ టీవీకి అర్థమయ్యేలా అప్పటికప్పుడు మార్చడం దానివల్ల కాదు. బొమ్మ నత్తి కొడుతుంది. ఇది ఆరు వాట్లది, తడుముకోదు."

వెస్నా కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. మాంసం కూరి కాల్చిన బురెక్ ఇంకో ముక్క కూడా వడ్డించింది.

గురువారం లారీలో సామాన్లొచ్చాయి. మధ్యాహ్నానికల్లా థనాసిస్ బిగించేశాడు. మీటరు ఎనిమిది వాట్లు చూపించింది. వెస్నా మొహం వెలిగిపోయింది. పెట్టె గూట్లోకి చక్కగా జారి, వెనక వేలెడు సందు మిగిలింది. తీసి తీగలు తగిలించి మళ్లీ పెట్టారు. ఈసారి నాలుగు వేళ్లు బయటే ఉండిపోయి ముందుకి వాలింది.

పెట్టెని కొలిచారు కానీ, వెనక పొడుచుకొచ్చే ప్లగ్గుల్ని ఎవరూ కొలవలేదు. కొలత తప్పితే గోడే సర్దుకునే ఊరు మాది. అందుకే కొలిచేటప్పుడు మాకెవరికీ భయం ఉండదు.

"ఇంతేగా," అంటూ థనాసిస్ డ్రిల్లు తీశాడు. "రెండు నిమిషాల పని."

వెస్నా గూటికి అడ్డంగా నిలబడింది. "వద్దు."

"నాలుగు వేళ్లు వదినా. ఈ ఊళ్లో గోడ తొలచొద్దన్న మనిషిని నిన్నే చూస్తున్నా."

"అది దుష్కో ఆఖరి వేటు," అంది వెస్నా. "నేనే ఆపమన్నాను. కసిరాను కూడా. అదొక్కటే చేతికి తగిలేలా మిగిలింది. దాన్ని చెరపను."

థనాసిస్ డ్రిల్లు నేలమీద పెట్టేశాడు.

"నువ్వు కసిరితే ఆగాడా వాడు?" అన్నాడు. "నలభై ఏళ్లలో ఎప్పుడైనా ఆగాడా? ఆ రోజు బీరుకి రమ్మని నేనే ఫోన్ చేశాను. అందుకు దించాడు పికాసు."

వెస్నాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ముందే చెప్పి చావచ్చుగా."

"నువ్వు అడిగావా?"

అతను లేచి పెట్టెని వెనక్కి తిప్పాడు. మొహం గోడవైపు, ప్లగ్గులు గదివైపు. లోపలికి తోస్తే సరిగ్గా పట్టింది. తీగలు మాత్రం టీవీ మీదికి వేలాడుతున్నాయి.

"ఇంటికొచ్చినవాళ్లకి వీపు చూపిస్తుంది, పొగరుబోతు," అన్నాడు.

"చూపించనీ."

బొమ్మ బాగా కనిపించాలని వెస్నా గదిలో దీపం ఆపింది. నేల కింద ఇల్లు కదా, మిట్టమధ్యాహ్నమైనా చీకటే. టీవీలో క్లబ్బు, పొడుగాటి బల్ల, చేతుల్లో పళ్లేలతో పడుచు వెస్నా. మొహం తిప్పేసుకుంటోంది. కెమెరా వెనకనుంచి దుష్కో గొంతు నత్తి లేకుండా వచ్చింది.

"వెస్నా, ఇటు చూడు. ఒక్కసారి ఇటు చూడవే."

వెస్నా టీవీని కాదు, పైకి గూటిని చూసింది. పెట్టె మొహాన ఉన్న చిన్న నీలం దీపం ఇప్పుడు గోడ మీద పడుతోంది. ఇన్నాళ్లూ వేళ్లకి మాత్రమే తెలిసిన ఆ ఏటవాలు వేటు, పక్క సందులోంచి మొదటిసారి కంటికి కనిపించింది.

"చూస్తున్నాలే," అంది.