రెండో పాదం

మా అమ్మకి ముక్కు మీద కోపం. మా తమ్ముడికి నోరు ముందు, బుద్ధి తర్వాత. మూడేళ్ళుగా ఆ ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది నేను.

అమ్మా నేనూ వెళ్ళేది మా వీధి మొదట్లో ఉన్న పాత క్యాథలిక్ గుడికి. అక్కడ కొవ్వొత్తులు, ధూపం, పుస్తకంలో ఉన్న ప్రార్థనలు, బోలెడంత నిశ్శబ్దం. తమ్ముడు పెళ్ళయ్యాక భార్యతో పాటు వీధి చివర ఉన్న ప్రార్థన మందిరానికి మారాడు. అక్కడ డ్రమ్ములు, చప్పట్లు. కొవ్వొత్తి వెలిగేది కరెంటు పోతేనే. వాడు మారినందుకు అమ్మ ఏమీ అనలేదు. "ఎక్కడైనా దేవుడే. చెవులు మాత్రం జాగ్రత్త," అంది, అంతే. కానీ అక్కడి పద్ధతి ప్రకారం తొట్టిలో నిలువునా మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకున్న రోజున వాడు ఇంటికొచ్చి, "చిన్నప్పుడు నాకు జరిగింది బాప్తిస్మం కాదమ్మా. తల తడిసింది, అంతే," అన్నాడు.

వాడు నెలలు నిండకుండానే పుట్టాడు. ఫాదర్‌గారు వచ్చేదాకా బతకడని నర్సు చెబితే, ఆస్పత్రి మంచం మీదే అమ్మ గ్లాసుతో నీళ్ళు తీసుకుని, తన చేత్తో వాడి నెత్తిన పోసి జ్ఞానస్నానం ఇచ్చింది. ప్రాణం మీదికి వస్తే బాప్తిస్మం ఎవరైనా ఇవ్వచ్చని మా గుడిలో నేర్పుతారు. ఈ సంగతి వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ వాడింటి గడప తొక్కలేదు. వాడొస్తే లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేది. నాకు ఇద్దరి మీదా కోపంగానే ఉండేది, ఇద్దర్నీ చూస్తే జాలీ వేసేది.

నేను బట్టలు కుడతాను. పాత గుడిలో బలిపీఠం మీద పరిచే గుడ్డలు కుట్టిందీ నేనే, మందిరం కిటికీల కర్టెన్లు కుట్టిందీ నేనే. అందుకని ఫాదర్‌గారూ పాస్టర్‌గారూ కలిసి ఒక ఉమ్మడి ఆరాధన జరపాలనుకున్నప్పుడు, మాట్లాడుకోవడానికి నన్ను కూడా పిలిచారు. ప్రభువు బల్ల దగ్గర కలిసి రొట్టె తీసుకుందామంటే ఫాదర్‌గారు నేల చూపులు చూశారు. అది ఆయన చేతుల్లో లేదట. మరియమ్మ పాట అనేసరికి పాస్టర్‌గారికి దగ్గు వచ్చింది. బాప్తిస్మం మాట అసలు ఎవరూ ఎత్తలేదు. అయినా ఫాదర్‌గారూ పాస్టర్‌గారూ నవ్వుతూనే ఉన్నారు, పేచీలన్నీ వాళ్ళ వెంట వచ్చినవాళ్ళవే. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాలేదు. చివరికి మిగిలింది పాదాలు కడగడం. యేసు శిష్యుల పాదాలు కడిగాడు కాబట్టి మనమూ కడుగుదామన్నారు. అందరం సరేనన్నాం. ఎవరి పద్ధతి ఏమిటని ఒక్కరమూ అడగలేదు.

"నువ్వూ రావాలమ్మా. వాడూ వస్తాడు," అని అమ్మకి చెప్పాను.

"ఫాదర్‌గారు రమ్మన్నారు కాబట్టి వస్తాను. వాడి పక్కన మాత్రం కూర్చోను."

"పక్కన వెయ్యనులే కుర్చీ."

"ఎదురుగా కూడా వద్దు."

అమ్మకి డెబ్భై దాటాయి. ఇది కూడా తప్పిపోతే ఇక ఎవరి అంత్యక్రియలకో తప్ప ఈ ఇద్దరూ ఒక గదిలో కూర్చోరని నా భయం.

ఎవరి చోటూ కాకుండా ఉంటుందని స్కూలు హాలు తీసుకున్నాం. కుర్చీలు రెండు వరసలుగా ఎదురెదురుగా వేశాం. మా గుడిలో ఏడాదికొకసారి ఫాదర్‌గారు కొంతమందిని ఎంచి, వాళ్ళ కుడి పాదం ఒక్కటే కడుగుతారు. ఆయన చేతికి మట్టి అంటకూడదని ఆ పాదాన్ని వాళ్ళు ఇంటి దగ్గరే సబ్బుతో తోముకుని వస్తారు. అదే అలవాటు కొద్దీ మా వరసంతా కుడి కాలి చెప్పు విప్పి, ఎడమ కాలిది ఉంచుకుని కూర్చుంది. ఎదుటి వరసలో అందరివీ రెండు కాళ్ళూ బోసిగా ఉన్నాయి. వాళ్ళలో ఎవరు ఎవరికైనా కడగచ్చట, కడిగితే రెండూ కడగాలట. ఒక ముసలాయన మా కాళ్ళవైపు చూసి, "సగమే వచ్చారేం?" అన్నాడు. ఇది ముందుగా అడగనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ప్రార్థన అయ్యాక తమ్ముడు నీళ్ళ గిన్నె పట్టుకుని లేచాడు. మా వరసలో మొదట కూర్చున్నవాళ్ళని దాటుకుంటూ వచ్చి అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మ ఫాదర్‌గారి కోసం వెతికింది. ఆయన అప్పటికే మందిరంలో డ్రమ్ములు వాయించేవాడి కాళ్ళ దగ్గర ఉన్నారు. అమ్మ లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేవలేదు. కుడి పాదం కాస్త ముందుకు జరిపింది. వాడు కడిగి, తుడిచి, మళ్ళీ చెయ్యి చాపాడు.

"రెండోది కూడా ఇవ్వమ్మా."

"మా దగ్గర ఒకటే."

"మా దగ్గర రెండూ."

"అది కడుక్కుని రాలేదురా."

"అందుకే కదా కడిగేది."

వాడే ఆ కాలి చెప్పు విప్పి, పాదం చేతిలోకి తీసుకున్నాడు. మడమ పగిలి ఉంది. బొటనవేలి పక్కన ఎముక ఉబ్బి ఎర్రగా ఉంది. మూడేళ్ళుగా వాడు ఆ పాదం చూడలేదు.

"ఇదెప్పట్నుంచి?"

"నువ్వు రావడం మానేసినప్పట్నుంచి," అంది అమ్మ. అది అబద్ధం. వాడొస్తూనే ఉన్నాడు, ఈవిడే మొహం చూపించలేదు. వాడు ఎదురు చెప్పకుండా కడిగాడు.

"ఇప్పుడు నువ్వు కూర్చో," అంది అమ్మ. ఆవిడకి మోకాళ్ళు వంగవు కాబట్టి నేను ఎదురుగా ఒక కుర్చీ, మధ్యలో స్టూలు వేసి గిన్నె దాని మీద పెట్టాను. తమ్ముడు కాలు చాపడానికి జంకాడు.

"నీ చేతిలో పెట్టాలా?"

"నా కడుపులో తన్నిన కాలేగా, పెట్టు."

వాడి మడమ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో గ్లాసుడు నీళ్ళు తీసి, కొద్దిగా పోసి ఆగింది. వాడి మొహంలోకి చూసింది.

"ఇంతేనా, ముంచమంటావా?"

ఎప్పుడూ నోరు ముందుండే వాడు ఈసారి ముందు ఆవిడ చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"నువ్వు పోసినవి చాలమ్మా," అన్నాడు. "అప్పుడూ చాలాయి."

అమ్మ ఆ పాదాన్ని తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అలాగే వదిలేసింది.

"రెండోది కూడా ఇవ్వరా," అంది.