ఐదో గడి

పరుపుల కంపెనీలో ఆమెను అందరూ ఉత్తరాలమ్మ అంటారు. ప్రతి శుక్రవారం పన్నెండు వేల మంది చందాదారులకు ఈమెయిల్లో ఉత్తరం పంపడం ఆమె పని. దుప్పటి ఎలా ఉతకాలో, దిండు ఎప్పుడు మార్చాలో అందులో రాస్తుంది. చివర ఒక సర్వే పెడుతుంది. ఒకటే ప్రశ్న, దాని కింద నాలుగు గడులు. ఏదో ఒకటి నొక్కినవాళ్ళకి దిండు గలీబు ఉచితం. చందాదారులు ఎలాంటివాళ్ళో తెలిస్తే గాని వాళ్ళకేం అమ్మాలో తెలియదని సారు అంటాడు.

నొక్కినవాళ్ళు నొక్కినదానికి కట్టుబడి ఉండాల్సి వచ్చేది. కిందటి నెల "ఎలా పడుకుంటారు?" అని అడిగితే, వెల్లకిలా అని నొక్కినవాళ్ళెవరూ మళ్ళీ పక్కకి ఒత్తిగిల్లలేకపోయారు. గట్టి పరుపు ఇష్టమన్న ఒక బడిపంతులుకి ఆ రోజునుంచి బస్సులో సీటు కూడా బండరాయిలా తగిలింది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. నోరు జారితేనే వెనక్కి తీసుకోలేం, వేలు జారితే తీసుకోగలమా అనుకుని ఊరుకున్నారు.

ఉత్తరాలమ్మ మాత్రం చాప మీద పడుకుంటుంది. ఎవరైనా నవ్వితే నడుంనొప్పి, నేల మంచిదని చెబుతుంది. అసలు సంగతి వేరు. పదేళ్ళు పనిచేసినందుకు కంపెనీ ఆమెకొక మేలురకం పరుపు ఇచ్చింది. అది ఇంటికొచ్చిన రోజున అత్తగారు, "మెత్తగా ఉందో లేదో చూస్తానుండు" అని దాని మీద నడుం వాల్చింది. మూడేళ్ళయింది. ఇంకా చూస్తూనే ఉంది. మొగుడికొకటి, పిల్లలిద్దరికీ చెరొకటి పరుపులున్నాయి. ఐదోది వెయ్యడానికి ఇంట్లో చోటు లేదు.

"పెద్దావిడ. ఇంకెన్నాళ్ళుంటుందే?" అన్నాడు మొగుడు.

"నా నడుం విరిగేదాకా ఉంటుంది" అంది ఉత్తరాలమ్మ.

ఈ వారం ప్రశ్న ఆమే రాసింది. "మీ ఇంట్లో పరుపు మీద పడుకునేవాళ్ళు ఎంతమంది?" గడులు ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఐదుగురుంటే ఏం నొక్కాలి సార్?" అని అడిగింది.

"మనం నాలుగు పరుపుల కట్ట దాకానే అమ్ముతాం. ఐదని తెలిసి ఏం చేసుకుంటాం?"

"పోనీ, 'ఇతరం' అని ఒకటి పెడితే?"

"పెడితే జనం కథలు రాస్తారు. మొన్నొకాయన మామగారి గురక మీద రెండు పేజీలు రాశాడు. చదవలేక చచ్చాను. మచ్చుకి వందమందికి పంపి చూడు. గోల లేకపోతే శుక్రవారం అందరికీ పంపు. గోలుంటే ఐదో గడి నువ్వే పెట్టెయ్యి, నన్నడక్కు."

బుధవారం వందమందికి పంపింది. గంట తిరక్కుండా ఫోన్ మోగింది.

"మేడమ్, నేను దర్జీనండి. మేం ఐదుగురం. అందరం పరుపుల మీదే పడుకుంటాం. మరి ఐదో గడి లేదేంటండీ?"

"నాలుగు నొక్కండి. ఏం పోతుంది?"

"అంతేనంటారా? గలీబు మాత్రం ఇస్తారుగా?"

"ఇస్తాం."

దర్జీ ఫోన్లోనే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మా ఆవిడ ఒకటి, పెద్దది రెండు, నడిపివాడు మూడు, చిన్నది నాలుగు. అరె, సరిపోయిందండీ!" అని తృప్తిగా నొక్కేశాడు. లెక్కపెట్టేవాడు తనను మరిచిపోవడం లోకంలో ఉన్నదే.

గురువారం అదే నంబరు నుంచి ఒకావిడ మాట్లాడింది.

"నాలుగు పరుపుల కట్ట ఒకటి పంపండి. మేం సరిగ్గా నలుగురం."

"మీ ఆయన దర్జీ కదండీ?"

"నాకు ఆయనెక్కడున్నాడమ్మా? ఇంట్లో కుట్టుమిషన్ ఒకటుంది, ఎవరిదో మరి. అమ్మేద్దామనుకుంటున్నాను. కొలతల టేపు మాత్రం మా చిన్నది మెడలో వేసుకుని తియ్యనివ్వట్లేదు. ఏడుస్తుంది. ఎందుకే అంటే దానికీ తెలీదు."

ఉత్తరాలమ్మ ఆర్డరు రాసుకుని ఫోన్ పెట్టేసింది. 

అత్తగారు కూడా చందాదారే. ఊరికే వస్తుందంటే ఏ సర్వేనీ వదలదు. ఇప్పటికి పదకొండు గలీబులు పోగేసింది. ఇంట్లో ఏది లెక్కపెట్టాలన్నా ఆవిడే పెట్టాలి. ఉత్తరాలమ్మ అత్తగారి బదులు తనే వేళ్ళు మడిచి చూసింది. కొడుకు ఒకటి, మనవడు రెండు, మనవరాలు మూడు, కోడలు నాలుగు.

సరిపోయింది.

ఐదో గడి పెట్టడానికి అర నిమిషం పని. ఆమె ఆ అర నిమిషం గోళ్ళు చూసుకుంది.

"గోలేమైనా వచ్చిందా?" అని అడిగాడు సారు.

"ఏం లేదు సార్. ఒకావిడైతే కట్ట కూడా కొంది."

శుక్రవారం పదింటికి పన్నెండు వేల మందికీ ఉత్తరం వెళ్ళింది. మధ్యాహ్నం ఉత్తరాలమ్మ ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, సర్వే వచ్చిందా?"

"వచ్చిందమ్మా. కళ్ళజోడు వెతుక్కుంటున్నాను. ఈసారి గలీబు ఏ రంగు?"

"నీలం. తీరిగ్గా లెక్కపెట్టి నొక్కండి."

"నాకే లెక్కలు చెబుతున్నావా! సరేగాని, నీ నడుమెలా ఉంది? పొద్దున వంగలేకపోయావు. పెందలాడే వచ్చెయ్యి, కాపడం పెడతాను."

"సరే అత్తయ్యా" అని ఉత్తరాలమ్మ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం దారిలో ఒక పూల దుప్పటి కొంది. తన పరుపు మీద పరుచుకోవడానికి.

తలుపు మొగుడు తీశాడు. "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"వేళాకోళం చాలు, జరుగు. నడుం లాగేస్తోంది."

ఆయన జరగలేదు. కూతురు తండ్రి కాళ్ళ వెనక నక్కి, "ఎవరు నాన్నా?" అంది. ఉత్తరాలమ్మ నవ్వబోయి, పిల్ల కళ్ళు చూసి ఆగిపోయింది.

"ఎవర్రా వచ్చింది?" అంటూ అత్తగారు గదిలోంచి వచ్చింది. ఉత్తరాలమ్మ మెడలో ఉన్న కంపెనీ కార్డు చూసి మొహం చేటంత చేసుకుంది. "పరుపుల కంపెనీ అమ్మాయిరా! గలీబు అప్పుడే తెచ్చేశావా తల్లీ?" అని ఆమె చేతిలోని పూల దుప్పటి అందుకుంది. "ఓహో, దుప్పటి కూడానా!"

"మీరు... ఎంత నొక్కారండీ?" అంది ఉత్తరాలమ్మ. అత్తయ్యా అని పిలవలేకపోయింది.

"నాలుగమ్మా. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. పరుపు మీద ఎంతమంది అని కదా అడిగారు? ఒక్కో పరుపు మీదా చెయ్యి వేసి మరీ లెక్కపెట్టాను. ముందు నాదే. ఇంత మంచి పరుపు, దాన్ని మరిచిపోతానా? తరవాత మా వాడిది, పిల్లలవి. నాలుగే."

ఉత్తరాలమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. అత్తగారు ఆమెను ఎగాదిగా చూసి అయ్యో అంది. "నడుంనొప్పిలా ఉందే. ఉండు." తలుపు వెనక చుట్టిపెట్టిన చాప తీసి ఆమె చంకలో పెట్టింది. "ఎవరిదో, ఎప్పట్నుంచో పడుంది. మా ఇంట్లో చాప మీద పడుకునేవాళ్ళు లేరు. పట్టుకుపో. నడుముకి నేలే మంచిదంటారు."

మొగుడు తలుపు వెయ్యబోయాడు. పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి మర్యాదకి అడిగింది.

"మీ ఇంట్లో ఎంతమందమ్మా?"

ఉత్తరాలమ్మ చిటికెనవేలు మడిచింది. రెండో వేలు మడవడానికి ఎవరూ లేరు. ఒకటికి మాత్రం గడి ఉంది. అది ఆమే పెట్టింది.