నాన్నకు కొత్త బ్యాటరీ

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, వీధి గది ఊడ్చి, దర్జీ అయిన తండ్రి చొక్కా జేబులోని పాటల ప్లేయర్‌కి ఛార్జింగ్ పెట్టడం పెద్దకూతురి పని. ఆ ప్లేయర్ మోగినంతసేపే ఆయన కదిలేవాడు. ఛార్జింగ్ అయిపోతే కుట్టుమిషన్ మీద కాలు మిషన్ మీదే, ఎక్కడివాడు అక్కడే ఆగిపోయేవాడు. ఊపిరి మాత్రం సన్నగా ఆడేది. బట్టల కోసం వచ్చినవాళ్లు తొంగిచూసి, ఛార్జింగ్‌లో ఉన్నారా, సరే సాయంత్రం వస్తాలే అని వెళ్లిపోయేవాళ్లు.

ఈ మధ్య ఆ ఛార్జింగ్ నిలవడం లేదు. ఒక అంచు మడిచేలోపే ఆగిపోతున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్లి అక్కడే ఉండిపోతోంది. పెద్దకూతురికి కంటిమీద కునుకు లేదు. నిన్న ప్లేయర్ వీపు ఉబ్బి మూత ఒక పక్కకు లేచింది. ఇవాళ తీగ పెట్టినా వెలగలేదు. ఆయన చేతిలో కత్తెరతో, ఏదో అనబోతూ అలాగే కూర్చుని ఉన్నాడు.

ఇక చేసేది లేక ఆమె ఎదురు వీధిలో ఉన్న చెల్లికి కబురు పెట్టింది.

చెల్లి ఫోన్లు బాగుచేస్తుంది. తన పక్కన కూర్చుని కుట్టే పిల్ల సూది వదిలి స్క్రూడ్రైవర్ పట్టుకున్న రోజున, నా గుమ్మం తొక్కొద్దన్నాడు నాన్న. ఆయన మొండివాడు, ఆమె ఆ మొండివాడి కూతురు. ఏళ్లు గడిచిపోయాయి. ఆ ప్లేయర్ కొనిచ్చింది ఆమే, ఇద్దరూ ఒకే కొట్లో కుట్టిన రోజుల్లో. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆగిన మనిషి ఎలాగూ చూడడు గనక ధైర్యంగా లోపలికొచ్చింది. ధైర్యం అన్నానే గానీ, చేతిలో సంచి రెండుసార్లు జారింది.

మూత తీస్తే బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. ఇన్నాళ్లూ ప్లేయర్ ఆగినా అడుగున చుక్క కరెంటు మిగిలేది. పాతది తీసి కొత్తది అతికేలోపు ఆ చుక్క కూడా ఉండదు. అప్పుడు నాన్న ఏమవుతాడో ఎవరికీ తెలియదు.

"నాకు భయమేస్తోందే," అంది అక్క.

"నాకు లేదనుకున్నావా?"

అక్క తండ్రి ముక్కు దగ్గర వేలు పెట్టి కూర్చుంది. చెల్లి ఎర్ర తీగ విప్పింది. నల్ల తీగ విప్పింది. ఆయన చేతిలోని కత్తెర జారి కింద పడింది. వేలికి ఊపిరి తగలడం లేదు. తొందరగా కానియ్యవే అని అక్క గొణుగుతూనే ఉంది. మొదటిసారి టంకం పెడితే తీగ అతుక్కోలేదు. చెల్లి చెమట తుడుచుకుని మళ్లీ పెట్టింది.

ప్లేయర్ తెర వెలిగింది. ఆయన ఊపిరి పీల్చాడు. అక్క ఏడ్చేసింది. చెల్లికి అంత తీరిక లేదు, ఆయన కళ్లు తెరిచేలోపు బయటపడాలి. గుమ్మం దాటబోతుండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమే చిన్నదానా, కాజాలు కుట్టకుండా ఎక్కడికి?"

చిన్నకూతురితో ఎన్నడూ గొడవపడని మనిషి గొంతు అది. అక్కాచెల్లెళ్లిద్దరూ తెర వైపు చూశారు. ప్లేయర్ తయారైన ఏటి తేదీ మిణుకుమంటూ, సరిచేయమని అడుగుతోంది. బ్యాటరీ పూర్తిగా తీసేసరికి అది పుట్టిన రోజుకి వెళ్లిపోయింది. దాంతోపాటే నాన్నా వెళ్లిపోయాడు.

తండ్రిని ఇలా దొంగతనంగా దక్కించుకోవడం చెల్లికి నచ్చలేదు. వెనక్కొచ్చి, తేదీ సరిచేస్తానక్కా అంటూ ప్లేయర్ మీట మీదికి వేలు చాచింది.

అంతలో ఆయన పెద్దకూతురి వైపు తిరిగాడు. "నువ్వెప్పుడొచ్చావమ్మా? అల్లుడుగారు ఏరీ?"

ఆ అల్లుడు పోయాకే ఆమె ఈ ఇంటికి వచ్చింది. ఆ రోజు ఆమెను పట్టుకుని ఏడ్చింది ఈ తండ్రే. ఇప్పుడు ఆ ఏడుపు ఆయనకు గుర్తు లేదు. ఇక రోజూ అడుగుతాడు, రోజూ అబద్ధం చెప్పాలి. ఒక్క మీట నొక్కితే తన కష్టం తెలిసిన నాన్న తిరిగొస్తాడు. చెల్లి మాత్రం మళ్లీ వీధిలోకి పోవాలి.

అక్క ప్లేయర్ లాక్కుని, తండ్రి జేబులో వేసి, జేబుకి బొత్తాం పెట్టేసింది.

"పనిమీద ఊరెళ్లారు నాన్నా," అంది. "వచ్చేస్తారు."

తర్వాత చెల్లిని చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. చెల్లికి సూదిలోకి దారం ఎంతకీ ఎక్కకపోతే, తనే ఎక్కించి ఇచ్చింది.