వేడి సూది, చలి సూది

సకల జనుల సమ్మె నెల దాటింది. రేపు ఎల్బీనగర్ చౌరస్తా శిబిరంలో పాండురంగం పొద్దున్నుంచి సాయంత్రం దాకా దీక్షలో కూర్చోవాలి. కూర్చోలేకపోతే అతని ఉద్యమ కమిటీ కన్వీనర్ పదవి కమిటీలో తన తర్వాతివాడైన బాల్‌రాజ్‌కి పోతుంది. అతనికేమో ఏడాదిగా నడుం కింది కీళ్ల నొప్పి. పది నిమిషాలు కూర్చోలేడు. ఆ సంగతి భార్య ఇంద్రమ్మకీ, దిల్‌సుఖ్‌నగర్ డాక్టర్ వేదవతికీ తప్ప ఎవరికీ తెలీదు.

"వేడి సూదైతే నరాన్ని కాలుస్తామండి. ఎక్కువ నెలలు హాయిగా ఉండొచ్చు. కాకపోతే మొదట వారం పది రోజులు మంట. చలి సూదైతే నరాన్ని గడ్డకట్టిస్తాం. మంట తక్కువ, కానీ నరం తొందరగా మళ్లీ మొలిచి నొప్పి తిరిగి రావొచ్చు," అంది వేదవతి.

"ఏది మంచిది?"

"ఇంకా తేలలేదండి. రెండూ ఇంచుమించు ఒకటే."

"గిదేంది మేడం, ఢిల్లీ కమిటీ లెక్క మాట్లాడుతున్నరు! రేపు కూసోవాలె నేను. చలిదే పెట్టుండ్రి."

"దానికి కావాల్సిన గ్యాస్ అయిపోయిందండి. సిలిండర్ల లారీని మీవాళ్లే చౌరస్తాలో ఆపేశారు."

"అయితే వేడిదే కానీయుండ్రి."

"కరెంటు లేదుగా. బొగ్గు సమ్మె."

నిన్న ఆ బొగ్గు సమ్మెకి మైకు పగిలేలా జై కొట్టింది పాండురంగమే.

చౌరస్తాలో ఉన్న బాల్‌రాజ్‌కి ఫోన్ చేశాడు. "గా సిలిండర్ల లారీని జర వదులు తమ్మీ. దవాఖానకంట."

"దేవుని రథమొచ్చినా వదలద్దని నువ్వే గదనే చెప్పింది? ఎవరికి బాగలేదే అన్నా? నీకా?"

"నాకేమైతదిరా!"

ఇక తనే బయల్దేరాడు, జెండా కట్టిన కారులో, వెనక సీట్లో బోర్లా పడుకుని. స్టీరింగ్ దగ్గర ఇంద్రమ్మ. "ఒంట్ల బాగలేదని చెప్తే పాణం పోతదా?" అంది.

"పదవి పోతది."

చౌరస్తాలో దిగి లారీ ముందుకెళ్లాడు. పక్కకి జరగమని జనానికి చెయ్యి ఊపబోయాడు. నడుం పట్టేసింది. ముందు చక్రానికి జానెడు దూరంలో నిలువునా పడ్డాడు.

జై తెలంగాణ కేకలతో చౌరస్తా దద్దరిల్లింది.

బాల్‌రాజ్ ఉరికొచ్చి వంగాడు. "లే అన్నా, మైకుల మాట్లాడు."

"లేవనొస్తలేదురా..."

బాల్‌రాజ్ మైకు అందుకున్నాడు. "రాష్ట్రం వచ్చేదాకా అన్న లేవడంట!" తనూ పక్కనే పడుకున్నాడు. వెనక నలభై మంది. రేపటి దీక్ష పడుకునే చేయాలనీ, కన్వీనర్ అన్నే ఉండాలనీ అక్కడికక్కడే తీర్మానమైంది.

ఆ వరస చూసి లారీ డ్రైవర్ బండిని వెనక్కి తిప్పి, సిలిండర్లతో హయత్‌నగర్ దారి పట్టాడు. ఆగమని పాండురంగం చెయ్యెత్తాడు. నలభై పిడికిళ్లు పైకి లేచాయి.